మధ్యయుగ జ్యోతిషం నేర్చుకోవాలంటే ముందు ఏ గ్రంథం పట్టుకోవాలి?

క్రీ.శ. 762లో బాగ్దాద్ నగర నిర్మాణం మొదలుపెట్టడానికి ఖలీఫా అల్ మన్సూర్ జ్యోతిషుల చేత ముహూర్తం పెట్టించాడు. వారిలో పారశీకుడైన నౌబఖ్త్, బస్రాకు చెందిన యూదుడు మాషాఅల్లా ఉన్నారు. ధనుర్లగ్నం, లగ్నంలోనే స్వక్షేత్ర గురువు. ఆ ముహూర్త చక్రాన్ని తర్వాతి కాలంలో అల్ బిరూనీ తన గ్రంథంలో పదిలపరిచాడు. మధ్యయుగ జ్యోతిషమని ఇవాళ మనం పిలిచే విద్యకు ఆ నగరమే పుట్టిల్లు. గ్రీకు, పహ్లవీ (పాత పారశీకం), భారతీయ మూలాల నుంచి వచ్చిన జ్ఞానమంతా అక్కడ అరబిక్‌లో కుదురుకుంది. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లో లాటిన్‌లోకి మారి, ఇటలీ, ఫ్రాన్స్ విశ్వవిద్యాలయాల దాకా వెళ్లింది.

మన జాతక పద్ధతి కొంత తెలిసి, ఈ విద్య మీద కూడా ఆసక్తి కలిగినవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఎంపిక. అల్ ఖబీసీ, అల్ బిరూనీ, అబూ మాషర్, సహ్ల్, అబూ అలీ, బొనాత్తి ఇలా పేర్లు చాలా ఉన్నాయి. పుస్తకాలు ఖరీదైనవి, అన్నీ ఇంగ్లీషు అనువాదాల్లోనే చదవాలి. చాలామంది అన్నిటికంటే పెద్ద గ్రంథం కొని, వంద పేజీల దగ్గర ఆగిపోతారు. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి పుస్తకం చిన్నదై ఉండాలి, అది అల్ ఖబీసీ. రెండోది మీరు ఏ ప్రశ్నకు జవాబు కోరుతున్నారన్న దాన్ని బట్టి సహ్ల్ గానీ, అబూ అలీ గానీ. బొనాత్తి చివరికి. తాజకం (ఏడాది ఫలాలు చెప్పే మన వర్షఫల పద్ధతి) తెలిసినవారు మాత్రం ఈ వరుసను మార్చుకుని నేరుగా సహ్ల్ దగ్గరికి వెళ్లవచ్చు. వెళ్లాలి కూడా. ఎందుకో కింద చెబుతాను.

మనకు తెలిసినది ఎంతవరకు పనికొస్తుంది

చాలావరకు పనికొస్తుంది. అయితే మూడు నాలుగు చోట్ల అదే అడ్డం వస్తుంది. ముందుగా రాశిచక్రం. మధ్యయుగ రచయితల్లో చాలామంది సాయనాన్నే, అంటే నక్షత్రాల నుంచి కాకుండా వసంత విషువత్తు నుంచి లెక్కించే రాశిచక్రాన్నే వాడారు. మనం మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో చేసుకుంటాం. సాయనంలో రవి మకరంలో ప్రవేశించేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే. సంక్రాంతి నాటికి ఆయన ఆ లెక్కలో మకరం 23, 24 భాగల (డిగ్రీల) దగ్గర ఉంటాడు. కాబట్టి మీ జాతకంలో చాలా గ్రహాలు పక్క రాశిలోకి జరుగుతాయి, లగ్నం కూడా మారిపోవచ్చు. ఇక్కడ చాలామంది అయనాంశ (రెండు రాశిచక్రాల మధ్య తేడా) వాదంలోకి దిగి నెలలు పోగొట్టుకుంటారు. ఆ గ్రంథం చదువుతున్నంతకాలం ఆ గ్రంథకర్త లెక్కనే పాటించండి. వాదం తర్వాత చేసుకోవచ్చు.

రెండోది దృష్టి. మన పద్ధతిలో ప్రధానంగా రాశి నుంచి రాశికి చూస్తాం, కుజ గురు శనులకు విశేష దృష్టులు ఉంటాయి. ఇక్కడ రాశితో పాటు భాగలు కూడా లెక్కలోకి వస్తాయి. ఒక గ్రహం మరో గ్రహం వైపు వస్తోందా, దాటిపోయిందా అన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. ప్రతి గ్రహానికీ ఒక కాంతి పరిధి ఉంది. రవికి 15 భాగలు, చంద్రుడికి 12, శని గురువులకు తొమ్మిదేసి, కుజుడికి 8, బుధ శుక్రులకు ఏడేసి. తాజకం చదివినవారు ఇవి మన దీప్తాంశలే కదా అనుకుంటారు. నిజమే, అవే.

ఉచ్చ విషయంలో పోలిక ఆశ్చర్యపరుస్తుంది. చంద్రుడికి వృషభం 3, కుజుడికి మకరం 28, బుధుడికి కన్య 15, శుక్రుడికి మీనం 27. రెండు సంప్రదాయాల్లోనూ ఇవే అంకెలు. తేడా వచ్చేది రవి దగ్గర (మనకు మేషం 10, వారికి 19), గురువు దగ్గర (మనకు కర్కాటకం 5, వారికి 15), శని దగ్గర ఒక్క భాగ. ద్రేష్కాణంలో (రాశిలో మూడో వంతు, పది భాగలు) మాత్రం జాగ్రత్త అవసరం. మేషంలో మూడు ద్రేష్కాణాలకు మనం కుజుడు, రవి, గురువు అంటాం. వారు కుజుడు, రవి, శుక్రుడు అంటారు. పంచాంగంలో హోరలు నడిచే గ్రహ వరుసే వారి ద్రేష్కాణాల్లోనూ నడుస్తుంది కాబట్టి, హోరల వరుస నోటికి వచ్చినవారికి అది పది నిమిషాల పని. అల్ ఖబీసీ లాంటివారు నవాంశను, భారతీయుల ద్రేష్కాణాన్ని కూడా విడిగా చెప్పి, ఇవి హిందువుల పద్ధతి అని గుర్తు చేస్తారు. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది.

మొదటి పుస్తకం: అల్ ఖబీసీయా, అల్ బిరూనీయా, అబూ మాషరా

ఈ మూడూ ప్రవేశ గ్రంథాలే. కానీ ఒక్కొక్కటి ఒక్కో రకం పాఠకుడి కోసం రాసినది.

అల్ ఖబీసీ 10వ శతాబ్దంలో అలెప్పో పాలకుడు సైఫ్ అల్ దౌలా ఆస్థానంలో ఉన్నాడు. ఆయన గ్రంథం ఐదు అధ్యాయాలు. మొదటిది రాశులు, వాటిలో గ్రహాలకున్న అధికారాలు. రెండోది గ్రహాల స్వభావం. మూడోది గ్రహాలకు విడివిడిగానూ పరస్పరంగానూ కలిగే స్థితులు. నాలుగోది పారిభాషిక పదాలు. ఐదోది సహమాలు, అంటే రెండు గ్రహాల మధ్య దూరాన్ని లగ్నం నుంచి లెక్కించి తెచ్చే బిందువులు. అంతే. వాదాలు లేవు, కథలు లేవు. లాటిన్‌లోకి వెళ్లాక ఇది యూరప్‌లో పాఠ్యపుస్తకమైంది. 1331లో పారిస్‌లో జాన్ ఆఫ్ సాక్సనీ దీనికి వ్యాఖ్య రాశాడు. ఆంగ్ల కవి చాసర్ తన ఆస్ట్రోలేబ్ (గ్రహ నక్షత్రాల ఎత్తు కొలిచే పరికరం) పుస్తకంలో ఈయన పేరు చెప్పుకున్నాడు. రెండు మూడు శతాబ్దాల పాటు విద్యార్థులు ఏ పుస్తకంతో మొదలుపెట్టారో దానితోనే మనమూ మొదలుపెట్టడంలో తప్పేముంది? దీని లోపం కూడా చెప్పాలి. నిర్వచనాలు ఇస్తుంది గాని ఫలితం చెప్పడం నేర్పదు. ఇది ఒక్కటే చదివి జాతకం ముందు కూర్చుంటే నోరు పెగలదు.

అల్ బిరూనీ 1029లో గజ్నీలో రాసిన ప్రవేశ గ్రంథం పూర్తిగా వేరు. రైహానా బింత్ అల్ హసన్ అనే ఖ్వారజ్మ్ స్త్రీ కోసం ప్రశ్నోత్తరాల రూపంలో, అరబిక్‌లోనూ పారశీకంలోనూ రాశాడు. మొత్తం 530 అంశాలు. వాటిలో సగానికి పైగా రేఖాగణితం, అంకగణితం, ఖగోళం, భూగోళం, పంచాంగ గణన, ఆస్ట్రోలేబ్ వాడకం. గణితం, ఖగోళం రానివాడికి జ్యోతిషుడనే పేరు తగదని ఆయన గట్టి నమ్మకం. జ్యోతిష భాగంలోనూ ఆయన కళ్లు మూసుకుని ఒప్పుకునే రకం కాదు. సహమాల పట్టిక ఇస్తూనే వాటి సంఖ్య రోజురోజుకూ పెరిగిపోతోందని విసుక్కుంటాడు. హిందువుల అభిప్రాయం ఎక్కడ వేరుగా ఉందో అడుగడుగునా చెప్పడం మనకు అదనపు లాభం. గణితం మీద ప్రీతి ఉన్నవారు, పంచాంగం ఎలా తయారవుతుందో తెలుసుకోవాలనుకునేవారు అల్ ఖబీసీని పక్కనపెట్టి దీన్నే మొదట చదవవచ్చు. 1934లో వచ్చిన ఆర్. రామ్సే రైట్ ఇంగ్లీషు అనువాదం పక్కన అరబిక్ మూలంతో దొరుకుతుంది. జాతక ఫలితాల కోసం తొందరపడేవారికి మాత్రం ఇది ఓపిక పరీక్ష.

అబూ మాషర్ (787–886) మహాప్రవేశ గ్రంథం ఎనిమిది భాగాలు. గ్రహాలు భూమి మీద ఎలా ప్రభావం చూపుతాయని అరిస్టాటిల్ ప్రకృతి శాస్త్రం ఆధారంగా వాదించేది మొదటి భాగం. ఈ విద్య వెనకనున్న తర్కం ఏమిటి, మేషం కుజుడిదే ఎందుకైంది, హద్దలను (రాశిలో ఒక్కో గ్రహానికి ఇచ్చిన వాటాలను) ఎవరెవరు ఎలా విభజించారు వంటి 'ఎందుకు'ల కోసం దీనికి మించింది లేదు. కానీ మొదటి పుస్తకంగా వద్దు. అల్ ఖబీసీ అరపేజీలో చెప్పినదానికి ఈయన ఒక అధ్యాయం తీసుకుంటాడు. ఆ అధ్యాయం విలువ, అరపేజీ సంగతి అప్పటికే ఒంటబట్టిన పాఠకుడికే తెలుస్తుంది. బెంజమిన్ డైక్స్ 2010లో తెచ్చిన ఒక సంపుటంలో అబూ మాషర్ సంక్షిప్త ప్రవేశికనూ అల్ ఖబీసీ గ్రంథాన్నీ విషయాలవారీగా పక్కపక్కన పెట్టి ఇచ్చాడు. ఒక్క పుస్తకమే కొనగలిగినవారికి నేను సూచించేది అదే.

రెండో పుస్తకం: ప్రశ్నా, జాతకమా

ఇక్కడ ఎవరి సలహా కంటే మీ ఇష్టమే ముఖ్యం. ఇష్టం ఏమిటో తేల్చుకోలేకపోతే ప్రశ్న భాగంతో (అడిగిన క్షణానికి చక్రం వేసి జవాబు చెప్పేది) మొదలుపెట్టండి. జాతకం ఫలించిందో లేదో తెలియడానికి ఏళ్లు పడుతుంది. ప్రశ్నకు జవాబు వారాల్లో, నెలల్లో తేలిపోతుంది. మీ తీర్పు సరిగా వచ్చిందా, ఎక్కడ దారి తప్పిందా అని మళ్లీ చక్రం తీసి చూసుకోవచ్చు. నేర్చుకునేవారికి ఇంతకంటే కావలసింది లేదు.

ప్రశ్నకు నా ఎంపిక సహ్ల్ ఇబ్న్ బిష్ర్. 9వ శతాబ్దం తొలి దశకాల్లో, ఖలీఫా అల్ మామూన్ వజీరు దగ్గర పనిచేసిన యూదు జ్యోతిషుడు. ఐదు చిన్న గ్రంథాలు రాశాడు: ప్రవేశిక, యాభై సూత్రాలు, ప్రశ్నలు, ముహూర్తాలు, కాల నిర్ణయం. వాక్యం పొట్టిగా, సూటిగా ఉంటుంది. ప్రశ్నల గ్రంథం లగ్నం నుంచి పన్నెండో భావం దాకా వరుసగా సాగుతుంది కాబట్టి కావలసినది వెంటనే దొరుకుతుంది.

ఆయన పద్ధతి ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. ఉద్యోగం వస్తుందా అని అడిగారు. మిథున లగ్నం ఉదయించింది. అడిగినవారికి లగ్నాధిపతి బుధుడు, ఉద్యోగానికి దశమాధిపతి గురువు. బుధుడు తులలో 8 భాగల దగ్గర, గురువు కుంభంలో 14 భాగల దగ్గర ఉన్నారనుకోండి. ఇద్దరి మధ్య త్రికోణ దృష్టి, ఆరు భాగల తేడా, కాంతి పరిధి లోపలే. వేగం ఎక్కువ ఉన్న బుధుడు గురువు వైపు వస్తున్నాడు. కనుక పని జరుగుతుంది, పెద్ద శ్రమ లేకుండా జరుగుతుంది. అదే బుధుడు 16 భాగల దగ్గర ఉంటే? దృష్టి అదే, రాశులు అవే, కానీ కలయిక జరిగిపోయింది, ఇద్దరూ విడిపోతున్నారు. అవకాశం చేజారింది. బుధ గురువుల మధ్య అసలు దృష్టే లేకపోయినా, చంద్రుడు ఒకరి నుంచి విడిపడి మరొకరిని కలుస్తుంటే మూడో వ్యక్తి జోక్యంతో పని పూర్తవుతుంది. బుధుడు గురువును చేరేలోపే మధ్యలో కుజుడు అడ్డం వస్తే ఆ పని చెడిపోతుంది, ఎవరి వల్ల చెడిపోయిందో కుజుడి ఆధిపత్యం చెబుతుంది. నాలుగైదు నియమాలు, కానీ వాటి మధ్య ఉన్న తర్కం ఎంత శుభ్రంగా ఉందో చూడండి.

ఇదే అంశానికి చాలామంది విలియం లిల్లీని సూచిస్తారు. 1647లో లండన్‌లో అచ్చయిన ఆయన గ్రంథం నేరుగా ఇంగ్లీషులోనే రాసినది, నిజంగా అడిగిన ప్రశ్నల చక్రాలు అందులో ఉన్నాయి. ఆ ఉదాహరణల కోసం తప్పక చదవాలి. అయితే లిల్లీది మధ్యయుగం కాదు, ఆ సంప్రదాయం యూరప్‌లో కొనవూపిరితో ఉన్న కాలం. ఆయన వాడిన నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయో సహ్ల్ చదివాకే స్పష్టమవుతుంది. మూలం ముందు, లిల్లీ తర్వాత.

జాతకం వైపు మనసు ఉంటే అబూ అలీ అల్ ఖయ్యాత్. మాషాఅల్లా శిష్యుడు. జాతక ఫలితాల మీద ఆయన రాసిన చిన్న గ్రంథంలో యాభై అధ్యాయాలున్నాయి: బాల్యం, ఆయుర్దాయం, మనసు తీరు, ధనం, సోదరులు, తల్లిదండ్రులు, వివాహం, సంతానం ఇలా వరుసగా. 12వ శతాబ్దంలోనే రెండుసార్లు లాటిన్‌లోకి మారింది. 1988లో జేమ్స్ హోల్డెన్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఉమర్ అల్ తబరీ జాతక గ్రంథం కూడా ఇంత చిన్నదే, కానీ దిశల గణితం (లగ్నాన్నో గ్రహాన్నో ముందుకు నడిపి ఘటనల కాలం తేల్చే లెక్క) మీద ఆయన దృష్టి ఎక్కువ. లెక్కలంటే జంకేవారు అబూ అలీనే తీసుకోవాలి.

అబూ అలీ దగ్గర మన పద్ధతిలో కనబడని ఒక విషయం నాకు ఎంతో ఇష్టం. పగటి జాతకమైతే రవి, రాత్రి జాతకమైతే చంద్రుడు ఉన్న రాశి ఏ తత్త్వానిదో చూసి, ఆ తత్త్వానికి ముగ్గురు అధిపతులను చెబుతారు. అగ్నితత్త్వ రాశులకు పగలు రవి మొదటివాడు, గురువు రెండోవాడు, శని మూడోవాడు. రాత్రి అయితే గురువు ముందు, రవి తర్వాత. ఆ ముగ్గురి బలాబలాలను బట్టి జీవితపు మూడు భాగాల్లో ఏది హెచ్చుగా, ఏది తగ్గుగా గడుస్తుందో నిర్ణయిస్తారు. చక్రం మొత్తం మీద చేయి వేయకుండానే మనిషి బతుకు ఒడ్డూ దరీ ఒకసారి కనబడుతుంది.

బొనాత్తి ఎప్పుడు?

గ్విదో బొనాత్తి 13వ శతాబ్దపు ఇటలీవాడు, ఫోర్లీ నగరం. గ్విదో దా మోంతెఫెల్త్రో అనే సేనాని దగ్గర జ్యోతిషుడిగా ఉన్నాడు. కవి దాంతే తన కావ్యంలో ఇతన్ని నరకంలో, భవిష్యత్తు చెప్పేవాళ్ల మధ్య నిలబెట్టాడు. దీన్నిబట్టి ఆ రోజుల్లో అతని పేరు ఎంతగా మోగిందో ఊహించవచ్చు. అతని మహాగ్రంథం పది భాగాలు: ప్రవేశిక, ప్రశ్న, ముహూర్తం, వర్షప్రవేశం (ఏటా రవి తన జన్మస్థానానికి తిరిగొచ్చే క్షణం), జాతకం, వాతావరణం అన్నీ అందులోనే. 1491లో ఆగ్స్‌బర్గ్‌లో అచ్చయింది. డైక్స్ 2007లో రెండు పెద్ద సంపుటాల్లో పూర్తి అనువాదం తెచ్చాడు.

అన్నీ ఒకేచోట ఉన్నాయి కదా, ఇదొక్కటి కొంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోతుంది, చదవగలిగితే. బొనాత్తి వివరంగా చెబుతాడు, ఉదాహరణలు ఇస్తాడు, సొంత అనుభవాలు కలుపుతాడు, జ్యోతిషాన్ని తిట్టే సన్యాసుల మీద మండిపడతాడు. కానీ అతని పేజీల్లో పెద్ద భాగం సహ్ల్, అబూ మాషర్, అల్ ఖబీసీల మాటలే. ముందు వాళ్లను చదివి ఉంటే ఎక్కడ ఎవరిని అనుసరించాడో, ఎక్కడ తన మాట చెప్పాడో విడదీయగలరు. చదవకపోతే అంతా ఒకే ముద్దగా అనిపిస్తుంది.

మధ్యేమార్గం ఒకటుంది. ప్రశ్న చూసే ముందు గమనించాల్సిన 146 అంశాలని బొనాత్తి గ్రంథంలో ఒక భాగం ఉంది. దాన్ని 1676లోనే హెన్రీ కోలీ ఇంగ్లీషులోకి మార్చగా లిల్లీ ప్రచురించాడు. పాతది కాబట్టి అంతర్జాలంలో ఉచితంగా చదువుకోవచ్చు. సహ్ల్ ప్రశ్నల గ్రంథంతో పాటు రోజుకు రెండు మూడు చొప్పున ఇవి చదివితే బొనాత్తి రుచి తెలుస్తుంది, మిగతా సంపుటాలు కొనాలో వద్దో అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

తాజకం తెలిసినవారికి దగ్గరి దారి

మన దేశంలో వర్షఫలం చెప్పే తాజక పద్ధతి ఈ అరబిక్ జ్యోతిషానికి సంస్కృత రూపమే. 13వ శతాబ్దంలో సమరసింహుడు, 1587లో నీలకంఠుడు, 1649లో బలభద్రుడు దీన్ని గ్రంథస్థం చేశారు. ముంథా, సహమం, హద్ద, ఇత్థశాలం, కంబూలం ఇవన్నీ అటు నుంచి వచ్చినవే. అంతకంటే ముఖ్యమైన సంగతి, తాజకంలో ప్రసిద్ధమైన 16 యోగాలకు మూలం సహ్ల్ తన ప్రవేశికలో చెప్పిన 16 గ్రహస్థితులు. స్వీడన్ పండితుడు మార్టిన్ గాన్‌స్టెన్ దీన్ని వివరంగా చూపించాడు.

వస్తూ వస్తూ కొన్ని మారిపోయాయి. మొదటి యోగమే చూడండి. సహ్ల్ ప్రకారం ఒక గ్రహం కేంద్రంలోనో (1, 4, 7, 10 భావాలు) పణఫరంలోనో (2, 5, 8, 11) ఉంటే అది ముందుకు వస్తున్న, బలం గల గ్రహం. ఏ ఒక్క గ్రహానికైనా చెప్పదగిన మాట అది. తాజకంలో ఇక్కవాల యోగం కలగాలంటే గ్రహాలన్నీ కేంద్ర పణఫరాల్లోనే ఉండాలి. అలాంటి చక్రం ఎన్నాళ్లకో గాని రాదు. రోజూ పనికొచ్చే ఒక కొలబద్ద అరుదైన యోగంగా మారిపోయింది. తాజకం తెలిసినవారు సహ్ల్ చదివితే ఇలాంటివి వరుసగా విడిపోతాయి, తెలిసిన విద్యే మరింత పదునెక్కుతుంది. అందుకే వారికి అల్ ఖబీసీతో కాకుండా సహ్ల్‌తోనే మొదలుపెట్టమని చెబుతాను. పరిభాష సగం వచ్చే ఉంటుంది.

తాజకం తెలియనివారు ముందు తాజకం నేర్చుకుని, దాని మీదుగా ఇటు రావాలా? అక్కర్లేదు. నీలకంఠుడి గ్రంథం సంస్కృత మూలం, హిందీ వ్యాఖ్యలతో తక్కువ ధరకే దొరుకుతుంది, సంస్కృతం వచ్చినవారికి ఆనందంగానూ ఉంటుంది. కానీ అది ప్రధానంగా వర్షఫలం కోసమే ఉద్దేశించినది. జన్మజాతకాన్ని మధ్యయుగ రీతిలో చూడడం అందులో దొరకదు. బలభద్రుడి గ్రంథానికి గాన్‌స్టెన్ చేసిన సంస్కరణ, ఇంగ్లీషు అనువాదం 2020లో వచ్చాయి. రెండు సంప్రదాయాలనూ పక్కపక్కన పెట్టి చూడాలనుకునేవారికి అది నిధి.

పద్ధతుల్లో ఏది ముందు

పుస్తకం ఏదైనా, పగటి రాత్రి జాతక భేదం ముందు పట్టుబడాలి. తర్వాత ఐదు అధికారాలు: స్వక్షేత్రానికి 5, ఉచ్చకు 4, తత్త్వాధిపత్యానికి 3, హద్దకు 2, ద్రేష్కాణానికి 1. మేషం 8వ భాగను తీసుకోండి. రాశ్యధిపతి కుజుడికి 5. ఉచ్చాధిపతి రవికి 4. పగలైతే తత్త్వాధిపతి కూడా రవే కాబట్టి ఇంకో 3. మేషంలో హద్దలు గురువుకు 6, శుక్రుడికి 6, బుధుడికి 8, కుజుడికి 5, శనికి 5 భాగలు కాబట్టి 8వ భాగ శుక్రుడి హద్ద, ఆయనకు 2. మొదటి ద్రేష్కాణం కుజుడిది, 1. లెక్క వేస్తే రవికి 7, కుజుడికి 6, శుక్రుడికి 2. మేషంలో ఉన్నా ఆ భాగను ఏలేది రవి. అదే రాత్రి జాతకమైతే ఆ 3 గురువుకు వెళ్తాయి, రవికి 4 మాత్రమే మిగులుతాయి, కుజుడు 6తో పైకి వస్తాడు. ఒకే భాగ, పగలు ఒకరిది, రాత్రి మరొకరిది. ఈ లెక్క చేతితో ఒక పాతిక భాగలకు వేసి చూడండి, పట్టిక కంఠస్థమవుతుంది.

కాల నిర్ణయంలో ఏడాదికొక రాశి పద్ధతి ముందు నేర్చుకోవాలి. తాజకంలో ముంథా అంటే ఇదే. 32 ఏళ్లు నిండినవారికి లగ్నం నుంచి తొమ్మిదో రాశి నడుస్తుంది. కన్యాలగ్నమైతే అది వృషభం, ఆ ఏడాదికి అధిపతి శుక్రుడు. జన్మ చక్రంలోనూ ఆ ఏటి వర్షప్రవేశ చక్రంలోనూ శుక్రుడు ఎలా ఉన్నాడో చూడాలి. సులువు, చాలా దూరం తీసుకెళ్తుంది. వర్షప్రవేశాల మీద అబూ మాషర్ రాసిన గ్రంథానికి అప్పుడు వెళ్లండి.

ఫిర్దారియా దశలను మన వింశోత్తరితో పోల్చుకోవచ్చు గాని రెండిటినీ కలపకూడదు. వింశోత్తరి 120 ఏళ్లు, ఎక్కడ మొదలవుతుందో చంద్రుడి నక్షత్రం చెబుతుంది. ఫిర్దారియా 75 ఏళ్లు, నక్షత్రంతో పని లేదు. పగటి జాతకానికి రవి 10, శుక్రుడు 8, బుధుడు 13, చంద్రుడు 9, శని 11, గురువు 12, కుజుడు 7, రాహువు 3, కేతువు 2. రాత్రి జాతకం చంద్రుడితో మొదలవుతుంది. పగటిపూట పుట్టినవారందరికీ పదేళ్లు నిండేటప్పటికి రవి దశ అయిపోతుందన్నమాట. జాతకానికీ జాతకానికీ తేడా దశ వరుసలో కాదు, ఆ దశాధిపతి ఉన్న స్థితిలో తెలుస్తుంది. వింశోత్తరికి అలవాటైనవారికి ఇది మొదట చప్పగా అనిపిస్తుంది, ఓపిక పట్టండి.

హద్దల గుండా లగ్నాన్ని నడిపే దిశల పద్ధతి వీటన్నిటికంటే లోతైనది. అక్షాంశాన్ని బట్టి రాశుల ఉదయమానాలు (ఒక్కో రాశి ఉదయించడానికి పట్టే కాలం) కావాలి. దాన్ని రెండో ఏడాదికి ఉంచండి. ఆయుర్దాయ నిర్ణయాన్ని మాత్రం బతికున్నవారి జాతకం మీద అసలు వేయవద్దు. ప్రతి జాతక గ్రంథంలోనూ అది మొదట్లోనే ఎదురవుతుంది, ఆసక్తికరంగానూ ఉంటుంది. చరిత్రలో పుట్టిన తేదీ, మరణించిన తేదీ రెండూ తెలిసిన వ్యక్తుల జాతకాల మీద అభ్యాసం చేయండి. జ్యోతిష ఫలితాలకు శాస్త్రీయ రుజువు లేదు. ఒకరి ఆయుష్షు గురించి చెప్పే మాట ఆ ఇంట్లో ఎంత భయం నింపుతుందో మనకు తెలియనిది కాదు. ఆరోగ్యం, డబ్బు, పెళ్లి నిర్ణయాలను కూడా నేర్చుకునే దశలో వేసిన చక్రాల మీద నిలబెట్టకండి.

అనువాదం ఎంచుకునేటప్పుడు

ఒకే గ్రంథానికి రెండు అనువాదాలుంటే అరబిక్ నుంచి నేరుగా చేసినదాన్ని ఎంచుకోండి. 12వ శతాబ్దపు లాటిన్ అనువాదకులందరిదీ ఒకే తీరు కాదు. అబూ మాషర్ మహాప్రవేశాన్ని 1133లో జాన్ ఆఫ్ సెవిల్ మాటకు మాటగా తెస్తే, 1140లో హెర్మన్ ఆఫ్ కారింథియా కుదించి, తన సొంత శైలిలోకి మార్చేశాడు. లాటిన్ మీద ఆధారపడిన ఇంగ్లీషు పుస్తకంలో నియమం వింతగా అనిపిస్తే తప్పు గ్రంథకర్తది కాకపోవచ్చు. సహ్ల్ రచనలు డైక్స్ 2008లో లాటిన్ నుంచి తెచ్చాడు, 2019లో అరబిక్ నుంచి మళ్లీ తెచ్చాడు. రెండోదే కొనండి. అల్ ఖబీసీకి చార్లెస్ బర్నెట్, కేజీ యమామొతో, మిచియో యానో 2004లో తెచ్చిన పండిత ప్రతిలో అరబిక్, లాటిన్, ఇంగ్లీషు మూడూ ఉన్నాయి. అబూ మాషర్ మహాప్రవేశానికి బర్నెట్, యమామొతోల 2019 ప్రతి ప్రామాణికం. వీటి ధర సామాన్య పాఠకుడికి అందేది కాదు, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అడిగి చూడాలి. హైదరాబాదులోగాని విదేశాల్లోగాని చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉంటే వారి గ్రంథాలయ ఖాతా ద్వారా కొన్ని అధ్యాయాలు తెప్పించుకోవచ్చు.

భావ విభజన గురించి ఒక్క మాట. తొలి అరబిక్ గ్రంథాల్లో ఒక రాశి ఒక భావం అన్న లెక్క చాలాచోట్ల కనబడుతుంది, అది మనకు అలవాటైనదే. బొనాత్తి కాలానికి భాగలతో భావాలను విభజించడం స్థిరపడింది. దానిలో ఒక పద్ధతి అల్ ఖబీసీ లాటిన్ పేరుతోనే ప్రసిద్ధం. సహ్ల్, అబూ అలీలతో సాగినంతకాలం రాశినే భావంగా తీసుకోండి. బొనాత్తి దగ్గరికి వచ్చాక ఆయన లెక్కకు మారండి. చక్రాలు వేయడానికి మోరినస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. హద్దలు, దిశలు అందులో వస్తాయి. మొదటి పది చక్రాలకైనా హద్దలూ అధికారాలూ చేత్తోనే రాసుకుని, తర్వాత సాఫ్ట్‌వేర్‌తో సరిచూసుకోండి.